నూట ఎనభై ఆరు చప్పుళ్లు

జూన్ 2, సోమవారం

యావన్మంది మానవాళికీ ముందుగా నా హృదయపూర్వక క్షమాపణలు. ఈ పుస్తకంలో ఇకమీదట జరగబోయే సమస్త అనర్థాలకూ, అక్షరదోషాలకూ, కాఫీ మరకలకూ పూర్తి బాధ్యత నాదే. కలిగిన అసౌకర్యానికి మిక్కిలి చింతిస్తున్నాను.

ఇందులో ఒక్క ముక్క కూడా నిజం కాదు. క్షమాపణ నా ఉద్యోగం. డిగ్రీ పాసై, వాషింగ్ మెషీన్ల కంపెనీ కస్టమర్ కేర్‌లో కూర్చుని, నేను తయారుచెయ్యని, అమ్మని, కనీసం ముట్టుకోని మెషీన్ల తరఫున రోజుకి ఎనభైసార్లు సారీ చెప్తాను. ఎవరింట్లో చొక్కా చిరిగినా పాపం నాదే. అలవాటైపోయింది. నిన్న బస్సులో ఒకాయన నా కాలు తొక్కితే నేనే సారీ అన్నాను. ఇంకేమైనా సహాయం కావాలా అని కూడా అడిగాను.

ఇవాళ్టి వార్త: మా ఫ్లోర్ మీదికి ప్రాంప్టరు వచ్చింది!

దాని అసలు పేరు పలకాలంటే మధ్యలో ఒకసారి ఊపిరి పీల్చుకోవాలి. ప్రాంప్టరు అన్నది నేను పెట్టిన పేరు. కాలేజీ నాటకాల్లో తెర వెనక నక్కి, మర్చిపోయినవాడికి డైలాగు అందించేవాడు ప్రాంప్టరు. మూడేళ్లు నేను చేసిన కళాసేవ అదే. ఇదీ అంతే. కస్టమర్ మాట్లాడుతుంటే వింటుంది. ఆ మాటలు స్క్రీన్ మీద టకటకా పడతాయి. మనం ఏం చెప్పాలో పక్కనే చూపిస్తుంది. ఒకాయన E4 అని వస్తోందన్నాడు. నేను మాన్యువల్ తెరిచేలోపే, నీళ్ల పైపు ఫిల్టర్ తీసి కడగమనండి అని పచ్చటి అక్షరాలు! అవతల గొంతు పెరిగిందా, పసుప్పచ్చ పెట్టె: క్షమాపణ చెప్పండి. ఇన్నాళ్లూ నేను చేత్తో చేసిన పనికి యంత్రం వచ్చేసింది.

ఒక్కో కాల్‌కి వందకి ఇన్ని అని మార్కులు కూడా వేస్తుంది. నాకు 88! కాలేజీ మొత్తంలో చూడని అంకె. అమ్మకి ఫోన్ చేసి చెప్పాను. దేంట్లోరా అంది. వినడంలో అన్నాను. ఇంట్లో మాత్రం పన్నెండు దాటవు అని పెట్టేసింది.

జూన్ 3, మంగళవారం

మా ఫ్లోర్‌లో పెద్దక్కకి 41.

జూన్ 5, గురువారం

పెద్దక్క నా పక్క సీటు. ఇరవై ఏళ్ల సర్వీసు. ఫ్లోర్‌లో అందరికీ పెద్దక్కే. నన్ను ప్రేమొస్తే ఒరేయ్ వెధవా అంటుంది. బాబూ అందంటే మాత్రం కొంప మునిగిందని అర్థం.

ఆవిడ పద్ధతి వేరు. మెషీన్ చప్పుడు చేస్తోందని ఎవరైనా ఫోన్ చేస్తే ప్రశ్నలు వెయ్యదు. మెషీన్ ఆన్ చేసి ఫోన్ దాని దగ్గర పెట్టండమ్మా అంటుంది. కళ్లు మూసుకుంటుంది. ముప్పై సెకన్లు, నలభై సెకన్లు, మాటా పలుకూ ఉండదు. తర్వాత కళ్లు తెరిచి, బేరింగ్ పోయింది అంటుంది. లేదా, పంపులో చిల్లర ఇరుక్కుంది, బాబు నిక్కరు జేబులు చూడకుండా వేశారా అంటుంది. అవతల వాళ్లు బిత్తరపోతారు. మీకెలా తెలుసు మేడమ్?

వాళ్లాయనది మోటారు వైండింగ్ షాపు అట. పెళ్లైన దగ్గర్నుంచీ రోజూ మధ్యాహ్నం భోజనం తీసుకెళ్లి, ఆయన చెయ్యి ఖాళీ అయ్యేదాకా ఓ మూల కూర్చునేదట. అలా పన్నెండేళ్లు. ఇప్పుడు ఆయనా లేడు, షాపూ లేదు. చప్పుళ్లు మాత్రం చెవిలో ఉండిపోయాయిరా అంది.

ప్రాంప్టరు మాటలే వింటుంది. మాట లేకపోతే దానికి అది నిశ్శబ్దం. ఎనిమిది సెకన్లు దాటితే స్క్రీన్ ఎర్రబడుతుంది: నిశ్శబ్దం! మాట్లాడండి! ఆపైన సెకనుకో మార్కు పోతుంది. పెద్దక్క కళ్లు మూసుకుని ఉంటుంది కాబట్టి ఆ ఎరుపు ఆవిడకి కనబడదు. నాకు కనబడుతుంది.

మా టీమ్ లీడర్‌ని స్టాప్‌వాచ్ సార్ అంటాం. ఆయనకి నిమిషాలు తెలీవు, అన్నీ సెకన్లే. పెళ్లై ఎన్నేళ్లయింది సార్ అంటే ఆలోచనలో పడతాడు. ఇవాళ మీటింగ్ పెట్టాడు. ఈ నెల ఆఖరి వారం సగటు డెబ్భై రానివాళ్లకి కాంట్రాక్ట్ రెన్యూ కాదట. ఎవరి వైపూ చూడకుండా చెప్పాడు. అందుకే అందరం పెద్దక్క వైపు చూశాం.

ఆవిడ మజ్జిగ సీసా మూత తిప్పుతూ, ఇంట్లో చప్పుడే ఉండదురా, ఇక్కడే బావుంటుంది నాకు అంది. అంతే అంది.

జూన్ 6, శుక్రవారం

పెద్దక్కకి ట్రైనింగ్ ఇచ్చాను. చప్పుడు వింటూ మధ్యమధ్యలో, వింటున్నానమ్మా, వింటున్నానమ్మా అంటూ ఉండక్కా, మార్కులు పోవు అన్నాను. నేను మాట్లాడితే నాకే వినబడదు కదరా వెధవా అంది. నా వాదన అక్కడ వీరమరణం పొందింది.

జూన్ 9, సోమవారం

నాకు పదవి వచ్చింది! ప్రాంప్టరు అమ్మిన కంపెనీ నుంచి ఒక ఇంజనీరమ్మ వచ్చింది. నా వయసే ఉంటుంది. కళ్లద్దాలు తలమీద పెట్టుకుని కళ్లద్దాలు వెతుక్కుంటుంది. ప్రాంప్టరు తప్పులు దిద్దడానికి ముగ్గురు కావాలంది. మార్కులు బాగా వచ్చినవాళ్లని స్టాప్‌వాచ్ సార్ ఎంచాడు. ముగ్గురికీ కలిపి ఒకటే లాగిన్.

రోజూ ఆఖరి గంట హెడ్‌సెట్ పెట్టుకుని పాత కాల్స్ ముక్కలు వినాలి. మూడు బటన్లు: ‘కస్టమర్ మాట’, ‘మన మాట’, ‘చప్పుడు’. మాటైతే అదేంటో టైప్ చెయ్యాలి. చప్పుడైతే బటన్ నొక్కి వదిలెయ్యాలి. కుక్కలు, ఫ్యాన్లు, తలుపులు, మెషీన్ల మోత, అంతా చెత్తేనంది ఇంజనీరమ్మ. శుక్రవారం శుక్రవారం మేం దిద్దిందంతా ప్రాంప్టరు నేర్చుకుంటుందట. అంటే నేను గురువుని! జీవితంలో ఒక్క గురువూ నా గురించి మంచి మాట చెప్పలేదు. ఇప్పుడు వాళ్ల బాధ తెలుస్తుంది.

జూన్ 12, గురువారం

సోమవారం నుంచీ నా వాటాకి పెద్దక్క కాల్సే వచ్చాయి. మెషీన్ చప్పుళ్లు 186. ఇవాళ్టితో అన్నీ పూర్తి చేశాను. ఒక్కోదాని తర్వాత ఆవిడ ఏం చెప్పిందో కూడా విన్నాను. చూపుడువేలు వాచింది.

దీని గురించి ఇంకేం రాయను.

జూన్ 13, శుక్రవారం

సాయంత్రం ప్రాంప్టరుకి పాఠం అయింది. నాకు అన్నం సయించలేదు. అమ్మ నుదురు పట్టి చూసింది.

జూన్ 16, సోమవారం, 10.40

ఇది రాయకుండా ఉండలేక బాత్రూమ్‌కని వచ్చి రాస్తున్నాను. పెద్దక్కకి కాల్ వచ్చింది. యథాప్రకారం ఫోన్ మెషీన్ దగ్గర పెట్టించింది, కళ్లు మూసుకుంది. నేను స్క్రీన్ ఎర్రబడటం కోసం చూస్తున్నాను. ఎర్రబడలేదు! దానిమీద మెల్లగా పడింది:

కస్టమర్: బేరింగ్ పోయింది.

కస్టమర్ నోరు విప్పలేదు! పెద్దక్క కళ్లు తెరిచి, బేరింగ్ పోయిందండీ అంది. అప్పుడు స్క్రీన్ చూసింది. తర్వాత నన్ను చూసింది. చాలాసేపు చూసింది.

అదే రోజు, సాయంత్రం

మొత్తం ఏడుసార్లు! బెల్టు వదులైంది. పంపులో ఏదో ఇరుక్కుంది. డ్రమ్ము కింద స్ప్రింగ్ తెగింది. ఏడింటికి ఆరు కరెక్ట్. ఫ్లోర్ అంతా పెద్దక్క కుర్చీ వెనక గుంపు కట్టింది. ఇంజనీరమ్మ పరిగెత్తుకొచ్చింది. ఇది మేం నేర్పలేదే, ఇది మేం నేర్పలేదే అని పదిసార్లు అంది. స్టాప్‌వాచ్ సార్ వాచీ చూడటం మర్చిపోయాడు.

పెద్దక్కకి 64!

జూన్ 18, బుధవారం

66. నాకు వచ్చినట్టే ఉంది. ఇంటికెళ్లే దారిలో ఈల వేశాను. నాకు ఈల రాదు. అయినా వేశాను.

జూన్ 20, శుక్రవారం

నా కాల్. ఒకావిడ మెషీన్ ఇన్‌స్టాల్ చెయ్యడానికి ఎప్పుడొస్తారని అడుగుతోంది. వెనక ఏదో గరగరా వినబడుతోంది. స్క్రీన్ మీద:

కస్టమర్: పంపులో అడ్డం పడింది.

మేడమ్, మెషీన్ ఆన్‌లో ఉందా అన్నాను. ఇంకా డబ్బా విప్పందే ఆన్ ఏంటి బాబూ, అది మా మామగారి గురక అంది. టెక్నీషియన్‌ని పంపమంటారా అని అడిగే అవకాశాన్ని వదులుకున్నాను. నా సేవా జీవితంలో అదే మహాత్యాగం.

కానీ ఆ కాల్ ఇంజనీరమ్మ కూడా విన్నది. నవ్వలేదు.

జూన్ 23, సోమవారం

ఇంజనీరమ్మ పట్టేసింది. చప్పుళ్లని ఎవరో ‘కస్టమర్ మాట’ కింద వేశారంది, నూట ఎనభై ఆరు. పైగా ఒక్కోదానికీ జబ్బు పేరు టైప్ చేశారంది. ముగ్గురినీ నిలబెట్టింది. లాగిన్ ఒకటే కాబట్టి ఎవరో తెలీదు. ఎవరు చేశారో గానీ వాడు పిచ్చివాడైనా అయ్యుండాలి, మేధావైనా అయ్యుండాలి అంది. రెండూ ఒకడే అయ్యుండొచ్చు మేడమ్ అన్నాను.

నా వైపు చూసింది. కళ్లద్దాలు తలమీదే ఉన్నాయి కాబట్టి సరిగ్గా కనబడి ఉండనని ఆశ.

నెలాఖరు దాకా ఇలాగే నడవనిద్దాం, చూద్దాం అంది. గుండెల మీంచి బండ దిగింది.

జూన్ 27, శుక్రవారం

పెద్దక్క ఆఖరి వారం సగటు 69. ఇంక సోమవారం ఒక్కటే మిగిలింది. ఒక్క మార్కు! స్క్రీన్ మీద పడింది చదివితే రెండు మార్కులు ఎక్కువొస్తాయి. అక్కా, సోమవారం ఒక్కరోజు కళ్లు తెరుచుకుని, అది చెప్పిందే చెప్పెయ్, నీకు దణ్ణం పెడతా అన్నాను. చూద్దాం బాబూ అంది.

బాబూ అంది.

జూన్ 30, సోమవారం

మధ్యాహ్నానికి సగటు 70 అయింది. నేను కుర్చీలో గిర్రున తిరిగాను. నాలుగూ పదికి కాల్. ఒకాయన, చంటిపిల్ల ఏడుపు, మెషీన్ మోత. స్టాప్‌వాచ్ సార్, ఇంజనీరమ్మ వెనకే నిలబడ్డారు. పెద్దక్క కళ్లు మూసుకుంది. మూడో సెకన్‌కే పడింది:

కస్టమర్: బేరింగ్ పోయింది.

చదివెయ్ అక్కా అని నేను చేతులు ఊపుతున్నాను. ఆవిడ కదల్లేదు. పది. ఇరవై. సార్ గొంతు సవరించుకున్నాడు. ముప్పై. ఉన్నట్టుండి ఆవిడ గొంతు మారిపోయింది. బాబూ, మెషీన్ని ముట్టుకోకు, గోడ దగ్గర స్విచ్ ఆపెయ్, పాపని బయటికి తీసుకెళ్లు అంది. ఆయన ఎందుకండీ అన్నాడు. ముందు ఆపు నాయనా అని అరిచింది. ఇరవై ఏళ్లలో ఆవిడ అరవగా విన్నవాళ్లెవరూ లేరు.

స్క్రీన్ ఎర్రబడింది. సూచన పాటించలేదు. గొంతు పెంచారు. సగటు మళ్లీ 69.

అయిపోయింది అనుకున్నాను. రూల్ రూలే అని సార్ మెల్లగా గొణిగాడు. ఇంజనీరమ్మ ఆ రికార్డింగ్ మళ్లీ విన్నది. ఏమీ లేదు, బేరింగ్ మోతే అంది. రెండోసారి విన్నది. మూడోసారి హెడ్‌సెట్ రెండు చేతుల్తో అదిమి పట్టుకుని విన్నది. ఆ మోత అడుగున చిన్నగా చిటచిట. నాకూ వినిపించింది, ఇక్కడుందని చూపించాక.

నలభై నిమిషాలకి ఆయనే మళ్లీ ఫోన్ చేశాడు. మెషీన్ వెనక వైరు ఎలుక కొరికిందట, కాలడం మొదలుపెట్టిందట. వెనకున్న చెక్క అడ్డుగోడ నల్లబడిందట. పాప ఉయ్యాల ఆ అడ్డుగోడకి అవతలి వైపేనట. ఆ కాల్ స్టాప్‌వాచ్ సార్‌కి వెళ్లింది. ఆయన విని, ఏమీ అనలేకపోయాడు. పదకొండు సెకన్లు. నేను లెక్కపెట్టాను.

తర్వాత హెడ్‌సెట్ తీసి, రేపట్నుంచి పెద్దక్క సీటుకి నిశ్శబ్దం రూల్ తీసేద్దాం అన్నాడు. అందరికీ తీసేద్దాం సార్ అంది ఇంజనీరమ్మ. ఈవిడ లేకపోతే ఇది ప్రతి దానికీ బేరింగే అంటుంది అని కూడా అంది. రెన్యూ కాగితం మీద సార్ నా కళ్లముందే సంతకం పెట్టాడు! ఇకమీదట ఆవిడకి పొద్దున ఫోన్లు, మధ్యాహ్నం ప్రాంప్టరుకి పాఠాలు. పెద్దక్క నన్ను పిలిచి, ఒరేయ్ వెధవా, ఆ మజ్జిగ సీసా ఇటు అందుకో అంది. వెధవా అంది! ఫ్లోర్ అంతా చప్పట్లు. నేను కుర్చీ ఎక్కి ఈల వేశాను. ఈసారి వచ్చింది!

ఇంటికి వచ్చాక పుస్తకం తెరిచాను. ఆ బేరింగ్ అన్న మాట స్క్రీన్ మీదికి ఎక్కించింది ఎవరో నాకు తెలుసు. ఆ సీట్లో నేనుంటే చదివేసేవాణ్ణి. 88 మార్కులు వచ్చేవి.

జూలై 1, మంగళవారం

187వ చప్పుడు ఇవాళ ఎక్కించాం. పక్కనే పెద్దక్క. ఆవిడ చెప్పింది, నేను టైప్ చేశాను: వైరు కాలుతోంది, ముందు స్విచ్ ఆపించండి. కొత్త బటన్ ఇచ్చింది ఇంజనీరమ్మ, ‘మెషీన్ మాట’ అని.

అక్కా, నీకో మాట చెప్పాలి, సారీ అన్నాను. ఆగరా అని చెయ్యి ఎత్తింది. కళ్లు మూసుకుని తర్వాతి చప్పుడు వింటోంది.

అందుకని ఇక్కడ రాస్తున్నాను. ‘చప్పుడు’ నొక్కాల్సినచోట ‘కస్టమర్ మాట’ నొక్కింది నేనే. నూట ఎనభై ఆరుసార్లు. పొరపాటున కాదు.