గీత పెట్టి పిలవండి

రేవు కార్యాలయం వారికి,

ఆఖరి రోజు మా ఆవిడ పొద్దున్నే లేచింది. టీ సగం తాగింది. గొంతు పెగలక కాగితం మీద "ఏమండీ" అని రాసింది. పక్కన చిన్న గీత. అక్కడే చెయ్యి ఆగింది. నేను వంటింట్లోంచి వచ్చేసరికి ఆమె లేదు. ఏం చెప్పబోయిందో తెలియదు.

ఆమె ఆఫీసు బల్ల తాళంచెవి పంపుతున్నాను. లెక్కల నోటుపుస్తకం మీకు అవసరమా?

ఇట్లు,
ఆమె భర్త

తా.క.: తాళంచెవి తిప్పేటప్పుడు కాస్త పైకెత్తాలి. ఆమె తాళాలన్నీ అంతే.

---

బాబాయ్‌గారికి నమస్కారం.

మీ ఉత్తరం, తాళంచెవి అందాయి. మేడమ్ సీట్లోకి వచ్చింది నేనే. నోటుపుస్తకం పారేయకండి.

ఇక్కడ అత్తగారితో చస్తున్నాను. ఎంత పిలిచినా పలకడం లేదు. శుక్రవారంలోగా పలక్కపోతే తీసేయమన్నారు పైవాళ్ళు. మీరేమైనా సలహా చెప్పగలరా?

ఉంటాను,
కొత్త ఇంజనీరు

తా.క.: ముప్పై ఏళ్ళుగా ఆవిడ ఒక్క అక్షరం మార్చుకోలేదు.

---

అమ్మా,

పెద్దవాళ్ళని తీసేయడమేమిటి? ఎదురుగా నిలబడి నెమ్మదిగా పిలువు. చెవుడేమో డాక్టరుకి చూపించు.

ఇట్లు,
మేడమ్ భర్త

తా.క.: ఇంత జరుగుతుంటే మీ ఆయనేం చేస్తున్నాడు?

---

బాబాయ్‌గారూ,

నాకింకా పెళ్ళే కాలేదు! 'అత్తగారు' అంటే మేడమ్ ఫోర్ట్రాన్ అనే పాత కంప్యూటర్ భాషలో రాసిన ఆటుపోట్ల ప్రోగ్రాం. ఎవరి మాటా వినదని ఆఫీసులో ఆ పేరు పెట్టారు. మేమిప్పుడు హాస్కెల్ అనే ఫంక్షనల్ భాషలో రాస్తున్నాం. అందులోంచి దాన్ని పేరు పెట్టి పిలవాలి. పిలిస్తే కంప్యూటర్ 'ఆ పేరుతో ఎవరూ లేరు' అంటోంది. తీసేస్తే మేడమ్ పనంతా చెత్తబుట్టలోకే.

మీ,
పెళ్ళికాని కోడలు

తా.క.: మా భాషలో ఒకసారి రాసిన విలువ చెరపకూడదు. అత్తగారేమో ఇచ్చినచోటే చెరిపి, అక్కడే జవాబు రాస్తుంది.

---

అమ్మాయీ,

మధ్యాహ్నం నోటుపుస్తకం చదువుతూ కునుకు తీశాను. కలలో ఇంట్లోకి మెల్లగా నీళ్ళొచ్చాయి. వంటింటి డబ్బాలు నా చుట్టూ తేలుతున్నాయి. ఉప్పు_, పంచదార_. ప్రతి పేరు చివరా గీత.

లేచి చూశాను. డబ్బాల మీద నిజంగానే ఉంది. నోటుపుస్తకంలోనూ ఉంది. ఎప్పుడో మీ మేడమ్‌ని అడిగితే, "గీత లేకపోతే పిలిచినట్టు కాదండీ" అంది. నేను నవ్వాను.

నువ్వు గీత పెట్టావా?

ఇట్లు,
బాబాయ్

తా.క.: చెరిపి రాయడం నిజమే. పంచదార_ డబ్బాలో మేకులున్నాయి.

---

బాబాయ్!

గీత పెట్టాను. పలికింది! ఆవిడ భాషని యంత్రభాషలోకి మార్చే పాత కంపైలర్ ప్రతి పేరు చివరా గీత తగిలిస్తుందట. అది లేకుండా ఎంత అరిచినా వినపడదు. అత్తగారు ఇక్కడే ఉంటారని పైవాళ్ళు ఒప్పుకున్నారు. ఆవిడ మొదటి మాట: ఆదివారం పొద్దున ఆరూ పదికి పోటు.

మీ,
కోడలు

తా.క.: మేం సున్నా నుంచి లెక్కపెడతాం, ఆవిడ ఒకటి నుంచి. ఒక రోజు తేడా వచ్చింది. ఆవిడదే కరెక్టు.

---

అమ్మాయీ,

నీ ఉత్తరం చదివి ఆ కాగితం మళ్ళీ తీశాను.

"ఏమండీ_"

ఇన్నాళ్ళూ చెయ్యి జారిందనుకున్నాను. మాట పూర్తయ్యే ఉంది. పిలిచింది, అంతే.

రేపు ఆదివారం. పొద్దున ఆరూ పదికి రేవు మెట్ల మీద, నీళ్ళు పాదాలదాకా వచ్చేచోట నిలబడి, "ఆఁ, ఇక్కడే ఉన్నాను" అంటాను.

ఇట్లు,
ఆవిడ భర్త_