మావయ్యా, మీ పడవ పంపకండి

బాంబూఫ్లాట్, అండమాన్,
9 ఫిబ్రవరి 1968

నూకయ్య మావయ్యకు నమస్కారాలు.

వచ్చే ఆదివారం, పద్దెనిమిదో తేదీన, మళ్లీ మీ ఇంజను పడవకు కట్టి మా పాత క్యాబిన్ బోటును హార్బరు అవతలికి మరమ్మతుకు లాగించాలని నాన్న పట్టుబట్టాడు. అందుకే ఇప్పుడే రాయవలసి వచ్చింది.

పోయినసారి మీ పడవలో వెనక అంచున నిలబడ్డ లక్ష్ముడన్నయ్య దవడ పగలడం మీరు చూశారు. ఎందుకో మీకు తెలియదు. మన పడవలకు ముక్కే బలం కదా అని నాన్న తాడును ఈ బోటు ముక్కు మీది ఇనుప గుంజకే కట్టాడు. రంగు చూసి కొన్నాడు గానీ, దాని కింద చెక్కంతా పుచ్చే. లాగేసరికి గుంజ ఊడి, తాడుతో ఎగిరొచ్చి అన్నయ్యను కొట్టింది. తర్వాత నేను కత్తి గుచ్చి చూస్తే, అరటిబోదెలోకి దిగినట్టు పిడిదాకా దిగింది.

నాన్నకు చెప్పాను.

"గంగమ్మకి పోతునెయ్యలేదు, అందుకే రగతం సూసింది. నాలుగు అచ్చరాలొచ్చీసరికి నాకే సెప్తావేటే!" అని తెడ్డుతో కొట్టాడు. నా ఎడమ చెయ్యి లేవడం లేదు. అన్నయ్య గంజి కూడా మింగలేకపోతున్నాడు.

ఈసారి మేకపోతును కోసి, అదే గుంజను మళ్లీ ఆ పుచ్చు చెక్కకే బిగించి తాడు కడతాడట. అన్నయ్య చోట మీ అబ్బాయి రాముడు బావ నిలబడతాడట.

చెక్క మార్చేదాకా పడవ పంపనని నాన్నకు మీరే చెప్పాలి. శుక్రవారం, పదహారో తేదీలోగా మీ జవాబు రాకపోతే గొడ్డలితో ఆ బోటు అడుగు నేనే నరికేస్తాను. ఆ తర్వాత నాన్న నన్నేం చేసినా సరే.

మీ మేనకోడలు