వాళ్లు ముందే చెప్పిన ఎండ

ఓబులేసన్నా,

పనికి పోయే ముందు నువ్వు రోజూ చూసే వాతావరణం ఛానల్‌ని ఈ రోజు మూసేశారు. ఫర్వానియాలో మన గల్ఫ్ కూలీల గదిలోనే అందరం కూర్చుని చివరి కార్యక్రమం చూశాం. ఛానల్ పెట్టినప్పటి నుంచి చేసిన ఘనకార్యాలన్నీ చూపించారు. నువ్వు పరంజా మీద కుప్పకూలి చనిపోయిన రోజూ వచ్చింది. అందులో ఎవరో కారు బానెట్ మీద గుడ్డు వేయించి నవ్వుతున్నారు. "ఆ ఎండ గురించి ముందే చెప్పాం" అని వాళ్లకు వాళ్లే చప్పట్లు కొట్టుకున్నారు.

నిజమే, చెప్పారు. అది చూసే ఆ పొద్దున నువ్వు మన కడప ఫోర్‌మన్‌ని మధ్యాహ్నం పని ఆపమని అడిగావు.

"టీవీ జూసి పని జేస్తావా? యల్లా, నడు నడు, ఎక్కుపో" అన్నాడు.

ఈ రోజు వాడూ నా పక్కనే కూర్చుని చూశాడు.

"యా పొద్దు కాసిందిరా అంత ఎండ?" అని నన్నే అడిగాడన్నా.