నువ్వు ఏరించిన కొమ్మలు

అన్నా,

నువ్వు చనిపోయాక వచ్చిన మొదటి ఎండాకాలమిది. నిన్న ఘనపూర్ అడవి మళ్లీ అంటుకుంది.

మీ దళాన్ని వెతుకుతూ పోలీసులు అడవిని తగలబెట్టిన ఏడు గుర్తుందా? ఆ తర్వాత కంట్రాక్టర్ కాలిన మొద్దులు తీసుకెళ్లి, కొమ్మలన్నీ అక్కడే వదిలేశాడు. నువ్వు మాత్రం మన గుట్ట మీది కొమ్మలన్నీ ఊళ్లో మా అందరిచేత ఏరించావు.

"తుపాకి పట్టినోనివి, గీ చెత్త ఏరుడేందిరా?" అని అవ్వ కసిరింది.

"గీ కొమ్మలుంటే మల్లొచ్చే మంట చెట్లెక్కుతదవ్వా," అన్నావు.

ఎంత ముందు చూశావన్నా! నిన్న మన గుట్ట మీద మంట రాలిన ఆకులు కాల్చి ఆరిపోయింది. ఇప్పచెట్లకు మొదళ్లే నల్లబడ్డాయి. కొమ్మలు ఏరని అవతలి గుట్ట సగం బూడిదైంది. గాలి మళ్లబట్టి సగం మిగిలింది.

పొద్దున అవ్వ ఒక్కతే ఆ మిగిలిన సగంలో ఎండుకొమ్మలు ఈడుస్తోంది. ఎందుకని అడిగాను.

"పని సగంల ఇడిసి పోయిండు గద బిడ్డా, మీ అన్న," అంది.

నీ చెల్లె