నాయన గొంతున్న కంప్యూటర్

మోయిన్ అన్నయ్యకు,

సమ్రీన్ సలాం. నరసరావుపేటలో మేం ముగ్గురం కులాసాగానే ఉన్నాం. సూరత్‌లో నీ దగ్గు తగ్గిందని, మిల్లులో ముక్కుకు గుడ్డ కట్టుకుంటున్నావని తలుస్తున్నాను. ఫోన్‌లో చెబుదామంటే నాయన పక్కనే ఉంటాడు. అందుకే రాస్తున్నాను.

నాయన తిండి గురించి అడిగావు. జావ, మెత్తటి అన్నం తింటున్నాడు. మెడ దగ్గర రంధ్రం శుభ్రంగా ఉందని డాక్టర్ అన్నాడు. కంప్యూటర్‌ను మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వొద్దని రాశావు. ఆ సంగతే చెప్పాలి.

గొంతు తీసేసే ఆపరేషన్‌కు ముందు నువ్వు నాయన చేత పలికించిన మాటలన్నీ అందులోనే ఉన్నాయి కదా. తెర మీది నీళ్ల బొమ్మ నొక్కితే, పత్తి వేలంలో ధర పిలిచిన ఆ గొంతే "నీళ్లియ్యవే" అనేది. కొన్నాళ్లుగా తెర మీద ఒకటే హెచ్చరిక: ఈ పాత విండోస్‌కు ఇక రక్షణ లేదు, కొత్తదానికి మారండి అని. భయమేసి నెట్ తీసేశాను. అయినా నాయన నొక్కిన మాట సగంలోనే ఆగిపోవడం మొదలైంది.

ఒక మధ్యాహ్నం నేను డాబా మీద మిరపకాయలు ఆరబోస్తున్నాను. వంటింట్లో అమ్మకు షుగర్ పడిపోయి కూలబడింది. నాయన నన్ను పిలిచే బొమ్మ నొక్కుతూనే ఉన్నాడు. తెర కదల్లేదు. చివరికి పళ్లెం గోడకేసి బాదాడు. నేను దిగి వచ్చేసరికి ఆయన నోరు తెరుచుకునే ఉంది, అరుస్తున్నట్టు. శబ్దం మాత్రం లేదు. చక్కెర నీళ్లు పట్టాక అమ్మ తేరుకుంది.

కంప్యూటర్ షాపు కృష్ణచైతన్యను పిలిపించాను.

"కొత్తది ఎక్కిస్తే ఇట్టా ఆగదక్కా. కానీ మీ బొమ్మల ప్రోగ్రాం దాంట్లో పలకదు. నా షాపులో పెట్టి చూశా, తెరుచుకుంటంది గానీ మాట రాట్లేదు."

"మరి మా నాయన గొంతు?"

"కాపీ తీసి దాస్తా. మళ్లీ పలికిద్దో లేదో చెప్పలేను. కొత్తదాంట్లో టైపు చేసింది చదివే గొంతొకటి ఉంది. అది ఎవురిదో మనకేం తెలుసు."

నాయనకు అంతా చెప్పాను. "నీ గొంతు మళ్లీ రాకపోవచ్చు నాయనా" అన్నాను. ఆయన అమ్మ కూలబడిన చోటు చూపించి, ఎక్కించమన్నట్టు తలూపాడు.

అన్నయ్యా, కోప్పడకు. నువ్వు వద్దన్నా శుక్రవారం ఎక్కించేశాం. నిన్ను అడిగితే ఆపుతావని, ఆపితే నేనూ ఆగిపోతానని అడగలేదు.

అంతకుముందు నాయన బొమ్మలన్నీ ఒక్కొక్కటిగా నొక్కుకుంటూ పోయాడు. విషయం తెలియని అమ్మ వంటింట్లోంచి "వస్తన్నా", "తెస్తన్నా" అంటూనే ఉంది. నీళ్ల చెంబు తెచ్చి పక్కన పెట్టి, "ఏందివాళ ఇన్ని పనులు చెప్తన్నాడు?" అని విసుక్కుంది. నేను గోడవైపు తిరిగాను.

ఎక్కించాక నాయన ఏదో టైపు చేశాడు. ఎవరో కుర్రాడి గొంతు పలికింది. అమ్మ గబుక్కున కొంగు తల మీదకు లాక్కుని తలుపు చాటుకు పోయింది.

"ఎవరే ఆ మగమనిషి? ఎప్పుడొచ్చాడు?"

నాయన ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ మళ్లీ టైపు చేశాడు.

"నేనే, సాజిదా. భయపడమాక."

నాయన అమ్మను పేరు పెట్టి పిలవడం మనమెప్పుడైనా విన్నామా? అమ్మ తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఇప్పటికీ ఆ గొంతు వినపడితే ఆమె చెయ్యి కొంగు మీదకు పోతుంది. నేను సరైన పనే చేశానా అని నాకు తిండి సయించడం లేదు.

ఈసారి నువ్వు ఫోన్ చేస్తే నీకు తెలియని మనిషి పలకరిస్తాడు. రాంగ్ నంబరనుకుని పెట్టేయకు అన్నయ్యా. ఆ మాటలు టైపు చేయడానికి ఆయనకు చాలాసేపు పడుతుంది.

ఇట్లు,
నీ మాట దాటిన చెల్లెలు
సమ్రీన్