సీసాలో పసుపు నీళ్లు

వికారాబాద్, 1957

బస్వప్ప బావగారికి నమస్కారములు.

అక్క తిరిగి తాండూరు చేరకముందే ఈ సంగతి మీకు తెలియాలని వెంటనే రాస్తున్నాను. చక్కెర జబ్బు పరీక్షకు మీ మూత్రమంటూ అక్క చేత నాకు పంపిన సీసాలో యూరియా లేశమైనా లేదు. యూరియా లేని మూత్రం మనిషి శరీరంలో తయారు కాదు. అందులో ఉన్నవి బావినీళ్లు, చిటికెడు పసుపు.

మూత్రంలో చక్కెర ఉంటే, మా ఆసుపత్రిలో పరీక్షకు వాడే నీలిమందు దానితో కలిపి కాచినప్పుడు ఎర్రబడుతుంది. ఆ మందులో సున్నంలాంటి క్షారం ఉంది. పసుపుకు సున్నం తగిలితే ఏ రంగు వస్తుందో మీరెరుగుదురు. మందు పోయగానే, కాచే దీపం వెలిగించకముందే గాజుగొట్టంలో నీళ్లు ఎర్రబడ్డాయి. పక్కనే నిలబడ్డ అక్క, “ఇగ గాయినకు పోలెలు బంద్ తమ్మీ! బెల్లాన్ని ఇంట్ల అడుగు పెట్టనియ్య!” అన్నది. ఆ ఎరుపు చక్కెరది కాదని, సీసాలో ఏదో కలిసిందని సర్దిచెప్పాను. “సీస నేనే కడిగిన, నాకే వంకలు పెడ్తవా?” అని నా మీదికి లేచింది. పసుపు సంగతి ఇక మీరే చెప్పుకోవాలి.

తీపి మాన్పిస్తామన్న మీ భయం నాకర్థమైంది. కానీ మీరు బిందెడు నీళ్లు తాగినా దాహం తీరడం లేదని, చొక్కాలు వదులయ్యాయని అక్క అంటున్నది. ఈసారి సీసా వద్దు, మీరే రండి. మీకు చక్కెర జబ్బు ఉన్నదో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

మీ బావమరిది