మిరప షెడ్డులో ముక్కుల పరీక్ష

మార్చి 4

కూరలో కారం తగ్గితే కంచం నెట్టేస్తావు నువ్వు. ఆ మిరపకాయకు తొడిమ తీసినామె ముక్కు ఏమైందో ఒక్కనాడైనా అడిగావా? అడగలేదు. అడిగింది మా అన్నయ్య కూతురు శిరీష, గుంటూరులో ఈఎన్‌టీ డాక్టరు. మందులు రాసే డాక్టర్లకు పరిశోధన నేర్పుతున్నారట వాళ్ల ప్రొఫెసరు గారు. ఈ ఊళ్లో!

మార్చి 9

శిరీషతో మిర్చి యార్డు దగ్గరి కోల్డ్ స్టోరేజీ షెడ్డుకు వెళ్లాను. మిరప కుప్పల పక్కనే కుర్చీ వేసి, తొడిమలు తీసే మరియమ్మ కళ్లు మూయించి, లవంగం, కాఫీపొడి, సబ్బు వాసన చూపిస్తోంది.

"ఇదేంటమ్మా?"

"మిరపకాయే." అన్నిటికీ అదే జవాబు. "ముక్కు పోయిందే తల్లీ, పులుసు మాడినా తెలవట్లా."

రక్తం మరిగింది. ఈ షెడ్డు షావుకార్ల మీద వ్యాసం రాసి పారేస్తాను...

మార్చి 12

ఆ ఫలితాలన్నీ చెల్లవన్నారట ప్రొఫెసరు గారు. శిరీషనే ఆ షెడ్డులో కూర్చోబెట్టి, కళ్లకు గంతలు కట్టి కాఫీపొడి వాసన చూపించారు. ఆ ఘాటులో తనూ చెప్పలేకపోయింది!

ఫోన్లో ఎగిరాను — షావుకార్ల పక్షమా మీ సారు?

"కాదు బాబాయ్. రేపు షావుకారు లాయరు అడిగేది ఈరోజే సారు అడిగేశారు."

వ్యాసం పక్కన పెట్టాను. నాకిది అలవాటు లేని పని.

మార్చి 16

ఆదివారం. చర్చి వరండాలో మళ్లీ మొదటినుంచి. తలంటుకుని, ఉతికిన చీరలు కట్టుకుని వచ్చారు అందరూ. మరియమ్మ కాఫీ పట్టేసింది. లవంగం దొరకలేదు.

"నా ముక్కు సగం బతికే ఉందంటయ్యో! సగం కూలే ఇత్తాడేమో మేస్త్రీ!" — వరండా అంతా నవ్వులు.

మార్చి 18

పరిశోధనకు వారంలో ఒక పూట అడిగింది శిరీష.

"ఓపీ ఎవరు చూస్తారమ్మా? ఇలాంటివి ఢిల్లీవాళ్లు చేసుకుంటార్లే" — ఆస్పత్రి సూపరింటెండెంటు.

"మిర్చి యార్డు ఢిల్లీలో లేదండీ. ఆ పూట ఈ అమ్మాయి ఓపీ నేను చూస్తాను" — ప్రొఫెసరు గారు. తల నెరిసిన మనిషి, డిపార్టుమెంటు హెడ్డు! నేను ఎవరికీ దండం పెట్టను. వెళ్లి ఆయనతో టీ తాగొచ్చాను.

మార్చి 20

సూపరింటెండెంటు ఇంకా ఏదీ తేల్చలేదు. వేసవికి యార్డు మూస్తే మరియమ్మ వాళ్లు పల్లెలకు వెళ్లిపోతారు. శిరీష పని ఆగిపోతుంది. రేపు సూపరింటెండెంటు గదిలో, ఆ తర్వాత షెడ్డు షావుకారు దగ్గర నేను అడగాల్సినవి —

శిరీషకు వారంలో ఒక పూట. యార్డు మూయకముందే.

పరీక్షకు వచ్చినామెకు కూలి కోయకూడదు.

షెడ్డులోకి గాలి. దానికి పరిశోధన ముగిసేదాకా ఆగక్కర్లేదు.

ఫలితం ఎటు తేలినా, నాకు నచ్చకపోయినా సరే, ముందు మరియమ్మకు చెప్పాలి.